మామకు రేటు చెప్పడం రాదు

పోయిన నెల ఒకరోజు పొద్దున పళ్లు తోముకుంటుంటే దొనకొండ దగ్గరి పల్లె నుంచి ఫోనొచ్చింది. చేసినవాణ్ణి నేనెప్పుడూ చూసింది లేదు. అయినా ఎత్తగానే "బావా" అన్నాడు. శ్రావణంలో చెల్లెలి పెళ్లి. ఫోటోలు, వీడియో రెండూ కావాలి. "నువ్వే చేయాల బావా, బయటోళ్లు మాకొద్దు" అన్నాడు. ఆ తర్వాత, "ఎంత తీసుకుంటావు?" అన్నాడు.

రేటు అడిగితే నాకు కాళ్లు ఒకచోట నిలవవు. కంభంలో స్టూడియో పెట్టి పదిహేనేళ్లయింది. ఇప్పటికీ ఆ మాట వినగానే ఈ గోడ నుంచి ఆ గోడకు తిరగడం మొదలుపెడతాను. ఎక్కువ చెబితే బేరం పోతుందేమో, తక్కువ చెబితే నేనే పోతానేమో. ఆ రోజు కూడా నోట్లో నురగతోనే వరండాలో మూడు చుట్లు తిరిగాను. డెబ్బై వేలు చెబుదామనుకున్నవాణ్ణి నలభై అయిదన్నాను. అతను వెంటనే "సరే బావా" అన్నాడు. ఒక్క వెయ్యి కూడా తగ్గించమనలేదు. ఎంత తక్కువ చెప్పానో అప్పటికి గాని నాకు అర్థం కాలేదు.

నా భార్య గుమ్మంలోనే నిలబడి వింటోంది. "ఇచ్చేసినావా?" అంది.

"ఏమిచ్చేసినాను?"

"శ్రావణమాసం."

ఆమె లోపలికి వెళ్లిపోయింది. నేను నోరు కడుక్కొని, చొక్కా తొడుక్కొని, స్టేషనుకు నడిచాను. ఇట్లాంటి తప్పు చేసినప్పుడల్లా రైలెక్కి మార్కాపురం పోవడం నాకు అలవాటు. అక్కడ నన్ను తిట్టే మనిషి ఒకాయన ఉండేవాడు. తిట్టించుకుని వస్తే ఒక ఆరు నెలలు ఒంటికి బాగుండేది. ఆయన ఈ ఉగాది దాటిన పదో రోజున గుండె ఆగి పోయాడు. ఆ సంగతి తెలిసే ఎక్కాను. ఇంట్లో ఉండలేకపోయాను, అంతే.

ఆయనా నాలాగే పెళ్లిళ్ల ఫోటోగ్రాఫరు. పేరు రాయను. మా నాలుగు మండలాల్లో ఎవరికి ఆయన పేరు చెప్పినా ముందు రేటే గుర్తొస్తుంది. "అమ్మో, ఆయనా!" అంటారు. నేను మామా అనేవాణ్ణి. చుట్టరికమేమీ లేదు. మా వైపు పెద్దవాళ్లంతా మామలే, పెదనాయనలే. చిక్కంతా అక్కడే ఉంది. కూరగాయలమ్మే ఆమె అక్క, బస్సు కండక్టరు అన్న, పెళ్లికూతురి తండ్రి చిన్నాయన. చిన్నాయనకు రేటు ఎట్ల చెబుతాం? చెప్పినా "మన పిల్ల పెళ్లికి కూడా లెక్కలేంది నాయనా" అంటాడు. ఆ మాటతో మన నోరు పడిపోతుంది.

ఆయన దీనికొక ఉపాయం కనిపెట్టాడు. అది నేను కళ్లారా చూశాను.

ఒకరోజు అర్ధవీడు వైపు నుంచి ఒక రైతు కూతురి పెళ్లి మాట్లాడటానికి వచ్చాడు. నేను అక్కడే ఉన్నాను. ఆయన ఆ రైతును బెంచీ మీద తన పక్కనే కూర్చోబెట్టుకున్నాడు. టీ తెప్పించాడు. బోరులో నీళ్లెట్లున్నాయి, గొర్రెలెన్ని ఈనినాయి, పోయినేడు పడ్డ రోగానికి ఎన్ని పోయినాయి అని అరగంట మాట్లాడాడు. భుజం మీద చెయ్యేసి "అల్లుడా, అల్లుడా" అంటున్నాడు. ఆ రైతు ముఖంలో, ఇంక పని సగం రేటుకే అయిపోయిందన్న ధీమా కనిపించింది. చివరికి ఖాళీ గ్లాసు కింద పెట్టి, "మరి ఎంతిమ్మంటావు మామా?" అన్నాడు.

ఆయన బెంచీ మీద నుంచి లేచాడు. బల్లకు అవతలి వైపున్న కుర్చీలో కూర్చున్నాడు. కళ్లజోడు పెట్టుకున్నాడు. "చెప్పండి. పెళ్లి ఏ ఊర్లో అండీ? ఎన్ని పూటలు?" అన్నాడు.

ఆ రైతు వెనక్కి తిరిగి చూశాడు, ఇంకెవరైనా వచ్చారేమోనని. "నన్నేనా మామా?"

"మిమ్మల్నే అండీ."

"ఏంది మామా, ఒక్కపారిగా గుంటూరోళ్ల మాదిరి అండీ అంటాండావు?"

"మామకు రేటు చెప్పడం రాదు. వచ్చుంటే ఆయన్నే అడిగిద్దును. ఈ కుర్చీలో ఉన్నోడు ఫోటోగ్రాఫరు. ఈన మీకేం గాడు. పెళ్లికి తొంబై వేలండీ. మొదటి పంక్తిలో నాకూ నా మనిషికీ ఆకెయ్యాల."

రైతు కాసేపు నేల చూశాడు, కాసేపు నా వైపు చూశాడు. ఎనభైకి రమ్మన్నాడు. ఫోటోగ్రాఫరు రానన్నాడు. వీడియో వద్దనుకుంటే డెబ్బైకి వస్తానన్నాడు. అంటే పనీ రేటూ కలిసి తగ్గాలి తప్ప రేటొక్కటే తగ్గడం ఆయన దగ్గర లేదు. పిండికొద్దీ రొట్టె అనేవాడు. చివరికి వీడియోతో సహా తొంభైకే కుదిరింది. కుదరగానే కళ్లజోడు తీసి జేబులో పెట్టుకుని, మళ్లీ వచ్చి బెంచీ మీద కూర్చుని ఆ రైతు తొడ మీద చరిచాడు. "ఇప్పుడు చెప్పు రా అల్లుడా, పిల్లోడేం జేస్తాడు?"

రైతు పగలబడి నవ్వాడు. పోతూ పోతూ నాతో "ఈ మామ మంచోడే, ఆ కుర్చీలోనోడే కసాయి" అన్నాడు.

మొదటి పంక్తిలో ఆకు అనే షరతు గురించి కూడా చెప్పాలి. పెళ్లిళ్లలో మా బతుకు చివరి పంక్తి బతుకు. అందరూ తినేది మేం ఫోటోలు తీయాలి. మాకు ఆకు పడేసరికి వంకాయ కూర అడుగంటి ఉంటుంది. ఆయన మాత్రం అన్నం వడ్డించకపోతే కెమెరాకు మూత పెట్టేవాడు. ఒక ఊళ్లో పెళ్లికొడుకు మేనమామ దీని మీద గొడవకొచ్చాడు. "కడుపు మాడినోడి చేతిలో కెమెరా వణుకుతాది. ఆ వణుకు నీ మేనల్లుడి పెండ్లాం ముఖాన పడుతాది, నీకిష్టమేనా?" అని ఆయన అడిగాడు. వెంటనే ఆకు వేశారు. ఆయన నెమ్మదిగా, పెరుగు దాకా తిని లేచాడు.

మార్కాపురం పలకల ఊరు, అక్కడ వాటికి కొదవలేదు కదా. ఆయన స్టూడియో గోడకు ఒక పెద్ద పలక తగిలించి, పాస్‌పోర్టు ఫోటో నుంచి పెళ్లి దాకా రేట్లన్నీ సుద్దతో రాసి పెట్టేవాడు. వచ్చినవాళ్లు వేళాకోళం చేసేవాళ్లు. "పలక మీద రాసినావంటే తుడిచేదానికే గదా పెద్దాయనా?"

"తుడిచేది నేను. నువ్వు గాదు."

ఉగాది పొద్దున పచ్చడి నాలిక మీద ఉండగానే స్టూడియో తెరిచి ఆ పలక తుడిచేవాడు. కొత్త రేటు రాసేవాడు. ఏ ఉగాదికీ తగ్గించింది నేను చూడలేదు.

అసలు ఆయనతో నా పరిచయం దొంగతనంతో మొదలైంది. స్టూడియో పెట్టిన రెండో ఏడు. గొర్రెలు కాసుకునే ఒక కుటుంబం ముందు ఆయన దగ్గరికి పోయి, రేటు విని, తిరిగొస్తూ కంభంలో నా దగ్గర ఆగింది. ఆయన ఎంత చెప్పాడో వాళ్లే చెప్పారు. నేను అందులో సగం అన్నాను. అంత పెద్దాయనకు పోవాల్సిన పెళ్లి నాకొచ్చిందని ఆ పూట ఇంట్లో మాంసం వండించాను.

వాళ్లందరికీ నేను బావనైపోయాను. బావను ఏదైనా అడగొచ్చు. పెళ్లికి ముందురోజు, తండ్రి కూతురికిచ్చిన పది గొర్రెపిల్లలతో ఆ పిల్లను మందలో నిలబెట్టి ఫోటోలు తీయమన్నారు. తీశాను. నిజానికి ఆ ఫోటోలు నాకిప్పటికీ ఇష్టం. పెళ్లి అయ్యాక వాళ్ల కులదేవత దగ్గర పొంగళ్లకు రమ్మన్నారు. వెళ్లాను. ఆల్బమ్ చేసి ఇస్తే పెళ్లికూతురి చిన్నాయన అందులో తన ఫోటో చిన్నదిగా ఉందని అలిగి అన్నం మానేశాడట. పేజీలు మళ్లీ చేశాను. ఇంకోసారి విజయవాడ ల్యాబ్‌కు పోయి వచ్చాను. ఆ ఖర్చు నాదే. బావను కదా. ఆ వేసవిలో నా రెండో లెన్సు అమ్మేశాను.

అమ్మింది మార్కాపురంలోనే కాబట్టి ఆ కబురు ఆయనకు చేరింది. మనిషిని పంపించి పిలిపించాడు. కొడతాడేమోనని నిజంగానే భయపడ్డాను. ఆయన బెంచీ మీద జాగా చూపించి, "కూర్చో. ఆ పెండ్లి ఎన్నాళ్లు జేసినావు?" అన్నాడు.

"రెండు రోజులు మామా."

"వేళ్లు తీయి."

మాట్లాడుకోవడానికి పోయింది ఒకరోజు. మంద దగ్గర ఒకరోజు. పెళ్లి రెండు. పొంగళ్లు ఒకటి. ఫోటోలు ఏరడం మూడు, పేజీలు చేయడం నాలుగు. విజయవాడకు పోయిరావడం రెండు. చిన్నాయన అలక రెండు. మళ్లీ విజయవాడ రెండు. నా రెండు చేతులూ చాలక ఆయన తన చేతి వేళ్లు కూడా పెట్టాడు.

"పద్దెనిమిది రోజుల పనికి రెండు రోజుల రేటు చెప్పినావు. ఆ పద్దెనిమిది రోజులు గుంటూరు పక్క మిరపకోతకు పోయుంటే తిండన్నా పెట్టుందురు గదరా."

నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆయనకు రావాల్సిన పెళ్లి లాక్కున్నందుకు క్షమించమన్నాను. అప్పుడు ఆయనకు కోపమొచ్చింది. అంతవరకూ రాలేదు.

"పెండ్లి పోతే ఇంకోటొస్తాది. దానికి నాకేం కోపం లేదు. ఆ ఊర్లో నా రేటు మోసమని అందరూ అనుకునేట్టు చేసినావు చూడు, అదీ నా కోపం. నీ రేటు నీకు చాలదు. ఇట్లనే చేస్తే రెండేండ్లలో అంగడి మూసుకొని హైదరాబాదుకు పోతావు. నువ్వు పోతావు గాని నీ రేటు పోదురా. అది ఈడనే ఉంటాది. నువ్వు లేకపోయినా వాళ్లు నన్ను నీ రేటే అడుగుతారు."

ఆ రోజు రైలులో కూర్చోలేకపోయాను. కంభం దాకా తలుపు దగ్గర నిలబడే వచ్చాను. నా పొట్ట కోసం నేను తగ్గించుకుంటే అది నా ఇష్టం అనుకుంటూ వచ్చినవాణ్ణి. ఇంకొకరి పొట్ట కూడా అందులో ఉంటుందని అంతకు ముందెప్పుడూ నా బుర్రకు తట్టలేదు.

అట్లాగని ఆయన్ని నేను దేవుణ్ణి చేయను. చాలాసార్లు ఆయన మీద ఒళ్లు మండింది. చివరి మూడేళ్లు ఆయనకు పెళ్లిళ్లు బాగా తగ్గిపోయాయి. డ్రోన్లు ఎగరేసే కుర్రవాళ్లు, ప్రీవెడ్డింగ్ ఉచితం అనేవాళ్లు వీధికి ఇద్దరయ్యారు. ఆయన డ్రోన్ కొనలేదు. ఉచితం అనే మాటైతే ఆయన నోట వచ్చేదే కాదు. "మొహమాటానికి పోతే కడుపయ్యిందంట" అని సామెత చెప్పి కిసుక్కున నవ్వేవాడు. ముహూర్తాల రోజుల్లో కూడా స్టూడియోలో ఒక్కడే కూర్చుని లెన్సులు తుడుచుకుంటుంటే నేను చూశాను. అయినా ఉగాదికి పలక మీద అంకె పెరిగింది.

"ఎవురూ రాని అంగడికి రేటు పెంచేదేంది మామా?" అని మొన్న ఉగాది నాడే అరిచాను. స్టూడియో వెనకే వాళ్లిల్లు. లోపల కుట్టుమిషను చప్పుడు ఆగింది.

"బియ్యం నన్నడిగి పెరిగినాదా?" అన్నాడు ఆయన.

మిషను మళ్లీ మొదలైంది. ఆయన భార్య, నేను అత్తా అనే ఆమె, జాకెట్లు కుడుతుంది. మూడేళ్లుగా ఆ ఇంట్లో పొయ్యి వెలుగుతున్నది ఆ మిషను మీదే. ఆ పలక మీది అంకెను నిలబెట్టింది ఆయన పట్టుదల ఒక్కటే కాదు, అత్త కాలు కూడా. అది గుర్తొచ్చి ఆయన మీద మరీ కోపమొచ్చింది. పండగపూట చెప్పకూడని మాట చెప్పేశాను. "అత్త కుడతాంటే నువ్వు రేట్లు రాస్తాండావు."

ఆయన తిట్టలేదు. వీధి చివరి దాకా నాతో నడిచి వచ్చాడు. ఆటో ఎక్కబోతుంటే, "ఆ రేటులో సగం ఆమెదే అల్లుడా. నాకు తెలీదనుకున్నావా?" అన్నాడు. అవే ఆయన నాతో అన్న ఆఖరి మాటలు. ఆ మాటలతో ఏం చేయాలో నాకిప్పటికీ తెలియదు. ఆయన గెలిచాడని చెప్పలేను. ఓడిపోయాడంటే మనసు ఒప్పదు.

పోయిన నెల ఆ ఫోను పెట్టేసి నేను వెళ్లేసరికి అత్త మిషను ముందే ఉంది. సూదిలో దారం ఎక్కిస్తూ, "రా అల్లుడా. ఎవురికి ఊరికే ఇచ్చొచ్చినావు?" అంది. నేను మార్కాపురం ఎందుకొస్తానో ఆమెకు మొదటి నుంచీ తెలుసు. దొనకొండ పెళ్లి సంగతి చెప్పాను. నవ్వింది. మాట ఇచ్చావు కాబట్టి ఆ రేటుకే చేసి చావమంది. అట్లాగే చేశాను.

నీళ్లు తాగుతూ గోడ వైపు చూశాను. ఆయన ఫోటోకు దండ ఉంది. కాని అది నేను చేసిన ఫోటో కాదు. ఓటరు కార్డులోని బొమ్మను ఎవరో పెద్దది చేసి ఇచ్చారు. ముక్కూ మూతీ తెలియకుండా మసకగా ఉంది.

పెద్దకర్మకు ఆయన ఫోటో చేసి ఇచ్చింది నేను. వేలమందికి ఫోటోలు తీసిన మనిషికి తనది ఒక్కటీ సరైనది లేదు. ఒక పెళ్లిలో నేను తీసిన గుంపు ఫోటోలో ఒక మూల ఆయన కనిపిస్తే, ఆ ముఖాన్ని విడదీసి, పెద్దది చేసి, రెండు రాత్రులు కూర్చుని బాగుచేసి, ఫ్రేము కట్టించి తెచ్చాను. అత్త కొంగుముడి విప్పబోతే చెయ్యి పట్టుకున్నాను. ఆయన ఫోటోకు నేను డబ్బు తీసుకోవడమా అన్నాను. ఆమె ముడి మళ్లీ వేసుకుంది. చాలా బాగుందంది.

"అత్తా, నా ఫోటో ఏది?" అని అడిగాను.

ఆమె మిషను ఆపింది. తర్వాత లేచి, ఇనప్పెట్టె తెరిచి, పాత చీరలో చుట్టిపెట్టిన ఫ్రేమును తీసి నా ఒళ్లో పెట్టింది.

"అది ఆయన గాదు నాయనా."

నేను ఫోటో వైపు చూశాను. నున్నగా, చల్లగా నవ్వుతున్న పెద్దమనిషి.

"ఆ కనుబొమ్మల నడుమ గీత యాడికి పోయె? జీవితమంతా ఒక కన్ను మూసి మూసి పడిన గీత అది. కాపురానికొచ్చినకాడి నుంచీ నేను చూసింది ఆ గీతనే. నువ్వు దాన్ని తుడిచేసినావు."

"ఆ రోజే చెప్పకూడదా అత్తా? బాగుందన్నావు గదా."

"ఎట్ల చెప్పేది? రెండు రాత్రులు నిద్ర మానుకొని ఊరికే చేసిచ్చినావు. ఊరికే ఇచ్చినోణ్ణి పట్టుకొని ఇది బాగలేదు, మళ్లీ చెయ్యి అని ఎట్ల అడిగేది?" ఆమె మిషను మీది జాకెట్టును చేత్తో సవరించింది. "మొదట్లో నేనూ అయినోళ్లకు ఊరికే కుట్టిస్తి. చంక కాడ బిగుసుకున్నా ఒక్కరూ తిరిగొచ్చి చెప్పలే. తొడుక్కోకుండా పెట్టెలో పెట్టుకున్నారు. డబ్బులిచ్చినోళ్లే నా ముఖాన కొట్టి సరిచేయించుకున్నారు. ఏడుస్తా సరిచేసినా. పనొచ్చింది వాళ్ల వల్లనే."

నాకు ఒళ్లంతా సిగ్గుతో కాలిపోయింది. మూడు నెలలుగా ఆమె ఆ మసక బొమ్మకు దండ మారుస్తూ, నాకు బాధ కలుగుతుందని నోరు మూసుకుని ఉంది. నేనేమో పెద్ద మేలు చేశానని తిరుగుతున్నాను. లేచాను. ఆ చిన్న గదిలో తలుపు నుంచి మిషను దాకా, మిషను నుంచి తలుపు దాకా తిరిగాను. ఆమె నన్ను చూస్తూ కూర్చుంది.

"ఎంతవుతాది, మళ్లీ జేస్తే?" అంది.

"మూడు వేలు" అన్నాను.

"ఫ్రేముండాది గదా. రెండున్నర చేసుకో."

"లేదత్తా. మూడే."

ఆమె మిషను సొరుగు లాగి నోట్లు తీసి ఇచ్చింది. నేను తీసుకున్నాను. లెక్కపెట్టుకున్నాను కూడా. "బాగలేకుంటే ఎన్నిమార్లయినా తిప్పుతా. అప్పుడు ఏడవొద్దు" అంది.

వారానికి మొదటిసారి తీసుకెళ్లాను. గీత మరీ లోతుగా ఉంది, కోపిష్టివాణ్ణి చేసినావు అని తిప్పి పంపింది. రెండోసారి గీత సరిపోయిందంది గాని చెవుల దగ్గర ఒప్పుకోలేదు. నిన్న మూడోసారి. వెలుతుర్లోకి తీసుకుపోయి, చేయి చాచి దూరంగా పెట్టి చూసి, దగ్గరికి తెచ్చి చూసి, "ఎడమ కన్ను ఇంకా ఆయనది గాదు" అని నా చేతిలో పెట్టింది. మొహమాటం ఏ కోశానా లేదు. నేను ఫోటో తీసుకుని ఇంటికి వచ్చి ఎడమ కన్ను దగ్గర కూర్చున్నాను.